గేజు కడ్డీకి అంటిన మొలక

పసుపు కొమ్ము మొలిచేదాకా కుండీ ముందు కూర్చోవడం కూడా ఒక పనేనట. ఆ పని చేస్తేనే నాకు బస్సు తాళం ఇస్తారట. పద్దెనిమిదేళ్లు స్టీరింగు పట్టిన మనిషిని మట్టి ముందు కూర్చోబెట్టారు. ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

నా పేరు బెన్‌హర్. బోధన్ బయట, వర్ని రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు బడిలో ఏడో నంబరు బస్సు నాది. మార్చి దాకా నాది.

ఆ మార్చి సాయంత్రం పిల్లల్ని దింపడానికి చందూర్ వైపు పోతున్నాను. ముందర చెరుకు ట్రాక్టరు, దాని వెనక రెండు ట్రాలీలు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇక్కడి చెరుకు దూరపు మిల్లులకు పోవాలి. చలికాలం మొదలు ఎండాకాలం దాకా రోడ్డంతా ఈ ట్రాలీలే. హారన్ కొట్టాను. వాడు పక్కకు తియ్యలేదు. రెండు కిలోమీటర్లు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఇక నావల్ల కాక కుడికి తిప్పి ముందుకు ఉరికించాను. ఎదురుగా ఆటో వచ్చింది. బ్రేకు తొక్కితే బస్సు రోడ్డు దిగి మట్టిలో ఆగింది.

ఐదో తరగతి పిల్ల త్రివేణి మూతి ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది. పై పన్ను సగానికి విరిగింది. పాలపన్ను కాదు. పిల్లల్ని చూసుకునే ఆయా గోదావరి "ఏం జేసినవ్ బెన్‌హరన్నా!" అని అరిచింది.

"నన్నంటవేంది? గా ట్రాక్టరోన్ని అడుగు" అన్నాను.

ఆ మాట మీదే రెండు నెలలు నిలబడ్డాను. త్రివేణి వాళ్ల నాన్న భోజన్న కేసు పెట్టలేదు, గొడవ చెయ్యలేదు. మర్నాటి నుంచి పిల్లను తన బండి మీద ఎక్కించుకుని చందూర్ నుంచి బడికి తేవడం మొదలుపెట్టాడు, అంతే. నా భార్య రజిని "ఒక్కసారి పోయి సూసి రారాదు" అని ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. పోత, పోత అన్నాను. పోలేదు.

మార్చిలోనే నా తాళం తీసేసుకున్న బడివాళ్లు, మే నెలలో పట్నం నుంచి నిరోష మేడమ్ అనే ఆవిడను తెచ్చి పెట్టారు. తోటపని చేయిస్తూ మనసు కుదురుగా ఉంచుకోవడం నేర్పుతుందట. పిల్లలకు సెలవులు కదా, ముందు నాకు నేర్పమన్నారు. ఆవిడ మట్టి నింపిన కుండీ, ఒక పసుపు కొమ్ము నా చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున అరగంట దీని ముందు కూర్చోండి బెన్‌హర్ గారూ. ఫోన్ వద్దు. నీళ్లు చేత్తో చిలకరించండి. మట్టి మాత్రం కదపొద్దు. ఏం కనిపిస్తే అది చూడండి."

"ఏం గనవడ్తది మేడం? మట్టి గనవడ్తది."

"అయితే మట్టే చూడండి. మొలక వచ్చినంక తెచ్చి చూపించండి. సంతకం పెడత, తాళం ఇస్తరు."

జూన్ పన్నెండున బడి తెరుస్తారు. ఆలోపు మొలవాలి.

కూర్చున్నాను. కూర్చున్నానంటే ఒళ్లు కూర్చుంది. నా కుడికాలు ఊరుకోదు, ఉత్త నేల మీదే యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటుంది. పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. గల్లీలో బండి చప్పుడు వినిపిస్తే ఏ గేరులో పోతోందో చెవి పట్టేస్తుంది. ఐదు నిమిషాలైందనుకుని గడియారం చూస్తే రెండు నిమిషాలు కూడా కాలేదు. మేడమ్ మీద కోపం, మట్టి మీద కోపం, లోపల హాయిగా పడుకున్న ఆ కొమ్ము మీద అన్నిటికంటే కోపం.

చూడకూడదనుకున్నా కొన్ని కళ్లబడ్డాయి. ఎండిన మట్టి మీద నీళ్లు పడగానే సన్నగా సుయ్‌మంటుంది. కుండీ అంచు మీద చీమలు రెండు వైపుల నుంచీ వస్తాయి, ఎదురుపడితే మూతి తాకించుకుని తప్పుకుంటాయి. అంత ఇరుకు దారిలో ఒక్కటి కూడా రెండోదాన్ని నెట్టదు. చీమల్ని చూస్తూ నేను నవ్వుకుంటున్నానని తెలిసి నామీద నాకే చిరాకు వేసింది. లేచి లోపలికి పోయాను.

పదో రోజుకు ఓపిక అయిపోయింది. డ్రైవరు పొద్దున బండి దగ్గరికి పోగానే చేసే మొదటి పని ఇంజన్ ఆయిల్ చూడటం. గేజు కడ్డీ గుంజి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి గుంజితే లోపల ఎంతుందో తెలుస్తుంది. ఇంజన్ విప్పక్కర్లేదు. పాత బండి గేజు కడ్డీ ఒకటి నా దగ్గరుంది. మేడమ్ మట్టి కదపొద్దంది గానీ కడ్డీ దించొద్దు అనలేదు కదా!

దించాను. తడి ఎంతవరకు ఉందో తెలిసింది. ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, తర్వాత సాయంత్రం కూడా, ఆ తర్వాత అన్నం తిని లేచినప్పుడల్లా. రజిని చూసి "అది మొక్కనా, ఇంజనా?" అంది. నేను పట్టించుకోలేదు.

జూన్ ఎనిమిదిన కడ్డీ పైకి తీస్తే కొసకు తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. పచ్చి పసుపు వాసన వచ్చింది. వేళ్లతో మట్టి తవ్వాను. వేలి కణుపంత మొలక, ఇంకో రెండు రోజుల్లో పైకి వచ్చేది, మెడ దగ్గర తెగి పక్కకు పడి ఉంది.

"ఏసయ్యా!" అంది రజిని. "మేడంకు ఉన్నదున్నట్టు జెప్పు."

"చెప్తే తాళమిస్తదా?"

కొమ్మును మళ్లీ మట్టిలో కప్పేసి, బస్సెక్కి మోస్రా అనే ఊరికి పోయాను. అక్కడ ఈరవ్వ ఉంది. వాళ్ల చేనులో మా బాపు చెరుకు కొట్టేవాడు, చిన్నప్పుడు ఆమె చేతి అన్నం తిన్నవాణ్ని. ఏటా పసుపు పెడుతుంది. విత్తనం కొమ్ములు ఆకుల కింద కుప్ప పోసి ఉంటాయి. వానల ముందర ఆ కుప్పలోనే కొన్ని మొలకెత్తుతాయి. అందులోంచి ఒకటి తెచ్చి కుండీలో పెడితే పట్నం మేడమ్‌కు ఏం తెలుస్తుంది?

సంగతంతా విని ఈరవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కడ్డీ వెట్టి పొడిసినవా? కడుపుల పిల్లను గూడ గట్లనే పొడిసి సూస్తవా కొడుకా?"

"అయిందేదో అయింది అవ్వా. ఒక్కటియ్యి."

"ఇస్త తియ్. ఇరిగినదాన్ని పారెయ్యకు. కొమ్ముకు ఇంకా కండ్లుంటయ్. ముట్టకుంటే ఇరవై దినాలకు ఇంకో మొలక లేస్తది."

"ఇరవై దినాలా! నాకు నాలుగే ఉన్నయ్."

"తొమ్మిది నెలల పంట గిది. నీ తొందరకు ముందుగాల అయితదా?" అంటూ మొలకున్న కొమ్మును ఒక డబ్బాలో మట్టి పోసి పెట్టింది. "మెడ ల్యాతగుంటది. ఒళ్లె వెట్టుకొని పో. దేనికన్న తగిలిందా, పుటుక్కుమంటది."

ఆటో ఎక్కాను. పదిమందిమి కుక్కుకుని కూర్చున్నాం. డబ్బా నా ఒళ్లో ఉంది, మొలక సరిగ్గా డ్రైవరు వెనక కడ్డీకి ఎదురుగా ఉంది. ఆటో నడిపేవాడికి పాతికేళ్లు ఉంటాయేమో. ముందర ఎరువు పోసుకున్న ట్రాక్టరు పోతోంది. వీడు హారన్ మొదలుపెట్టాడు.

పద్దెనిమిదేళ్లలో హారన్‌ను వెనక కూర్చుని చెవిపెట్టి వినలేదు నేను. ముందు కూర్చుంటే అది నా మాట. వెనక కూర్చుంటే, ఇప్పుడేం జరుగుతుందో అనే భయం. ఆటో కుడికి పోతుంది, మళ్లీ లోపలికి వస్తుంది, మళ్లీ పోతుంది. నా రెండు చేతులూ మొలక చుట్టూ గిన్నెలా వంగిపోయాయి. బ్రేకు పడింది. అందరం ముందుకు పడ్డాం. నా వేళ్లు కడ్డీకి కొట్టుకుని తోలు లేచిపోయింది. వేళ్ల మధ్య మొలక నిలబడే ఉంది.

"బండిల మనుషులున్నరు, కనవడ్తలేదా!" అని అరిచాను.

వాడు వెనక్కి కూడా తిరగలేదు. "నన్నంటవేందన్నా? గా ట్రాక్టరోన్ని అడుగు."

సిగ్గుతో చెవులు మండిపోయాయి. చందూర్ రాగానే "ఆపు" అన్నాను.

భోజన్న వాకిట్లో బండి తుడుస్తున్నాడు. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"తప్పు నాదే భోజన్నా. ట్రాక్టరోనిది గాదు" అన్నాను.

"గా ముచ్చట నాకెందుకు? పన్ను వోయింది దానిది" అని లోపలికి కేకేశాడు. "త్రివేణీ, ఇటు రా బిడ్డా."

పిల్ల గడపలోకి వచ్చి ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా మొహం చూడకుండా డబ్బాను చూసింది.

"ఏందది అంకుల్?"

"పసుపు మొలక."

"ముట్టుకుంటే ఇరుగుతదా?"

"ఇరుగుతది. నేనొకటి ఇరగ్గొట్టిన."

"మళ్ల వస్తదా?"

"వస్తదట. ఇరవై దినాలకు."

"నా పన్ను రాదట" అంది. చెయ్యి తీసి, పెదవి పైకి ఎత్తి చూపించింది.

ఏడుపొచ్చింది. వాళ్ల నాన్న ముందరే ఏడ్చాను. "తప్పయింది బిడ్డా" అన్నాను. అనాల్సింది మార్చిలో. డబ్బా ఆమె చేతికిచ్చాను. భోజన్న బండి తుడవడం ఆపి చూస్తున్నాడు.

వచ్చేముందు అడక్కుండా ఉండలేకపోయాను. "మళ్ల నా బస్సు ఎక్కుతవా?"

పిల్ల డబ్బాలోకి తొంగి చూసింది. "ఇది తవ్వేదెప్పుడు?"

"వచ్చే మార్చిల."

"అప్పుడు జెప్త."

జూన్ పన్నెండున విరిగిన కొమ్మున్న కుండీతోనే బడికి పోయాను. కడ్డీ సంగతి, మోస్రా సంగతి అన్నీ చెప్పాను. "ఈ సంతకం పెట్టాల్సింది మీరు గాదు మేడం, త్రివేణి" అన్నాను. ఆవిడ సంతకం పెట్టకుండానే కాగితం మడిచి సొరుగులో పెట్టింది. బడి మొక్కలకు నీళ్లు పోసే పని ఇచ్చారు నాకు. ఏడో నంబరు బస్సును ఇంకొకడు నడుపుతున్నాడు. గేరు మార్చేటప్పుడు కీచుమనిపిస్తాడు. కుడికాలు ఇప్పటికీ ఊరుకోదు, ఆ చప్పుడు వినపడిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

నా కుండీలో రెండో మొలక జూలైలో వచ్చింది. ఏ రోజు వచ్చిందో నేను చూడలేదు, రజిని చూసి చెప్పింది. శనివారాలు చందూర్ పోయి భోజన్న వాకిట్లో కాసేపు కూర్చుంటాను. వాళ్లింటి పసుపు మొక్క ఎంత పెరిగిందని అడగాలని నోటిదాకా వస్తుంది, అడగను. త్రివేణే చెప్తుంది. ఎంత ఎత్తయిందో చూపించడానికి ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన పెట్టాలి కాబట్టి, ఆ కాసేపు నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు చెయ్యి మిగలదు.