మా ఇంట్లోనే దిగాలి

ఎవరో ఒలకబోసిన కాఫీని చక్రధర్ తుడుస్తుండగా మాంట్రియాల్ బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో ఇద్రీస్ కనబడగానే టోపీ కళ్ల మీదికి లాక్కుని, మాస్కు ముక్కు పైదాకా ఎగదీసి, బకెట్టు బండి తోసుకుంటూ స్తంభం చాటుకు వెళ్లిపోయాడు. టొరంటో బస్ టెర్మినల్‌లో నేల తుడిచేవాడి ముఖం ఎవరూ చూడరు. ఇన్నాళ్లూ అది అతనికి చిన్నతనంగా ఉండేది. ఇవాళ అదే దిక్కయింది.

కరోనా రోజుల్లో ఇండియా నుంచి నేరుగా విమానాలు ఆపేస్తే, చదువులకొచ్చే మన పిల్లలు దారిలో ఇంకో దేశంలో ఆగి, టెస్ట్ చేయించుకుని కెనడా విమానం ఎక్కేవారు. చక్రధర్ కాసాబ్లాంకాలో ఆగాడు. అద్దాల మేడలు, నున్నగా జారిపోయే ట్రాములు, పక్కనే సముద్రం. అతను దిగింది మాత్రం రేవు వెనక సందులో, వీపున సంచులేసుకుని దేశాలు తిరిగే కుర్రకారు పడుకునే చవక హాస్టల్‌లో. అక్కడ దుప్పట్లు ఉతికి, నేల తుడిచే పెద్దమనిషే ఇద్రీస్. చక్రధర్‌కు జ్వరమొస్తే అందరూ ఆమడ దూరం జరిగారు. ఇద్రీస్ ఒక్కడే దగ్గర కూర్చుని శనగల చారు తాగించాడు.

బయల్దేరేటప్పుడు చక్రధర్ ఆయన చేతులు పట్టుకుని, గుమ్మం దాటే ఏ చుట్టంతోనైనా మనం అనే మాటే అన్నాడు: కెనడా వస్తే మా ఇంట్లోనే దిగాలి. మన దగ్గరైతే ‘తప్పకుండా’ అనేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. పాపం, ఇద్రీస్‌కు ఆ సంగతి తెలియదు.

మాంట్రియాల్‌లో కూతురి దగ్గరికొచ్చిన మనిషి, ఒక్కపూట చక్రధర్ ఇల్లు చూసిపోతానని బయల్దేరాడు. ఏ ఇల్లు చూపించాలి? టొరంటో శివారు ఎటోబికోలో ఒక బేస్‌మెంట్, గోడవారగా పరుపులు, స్నానానికి వంతులు. ఊళ్లోవాళ్లకు చెప్పినట్టే ఇద్రీస్‌కూ ‘కంపెనీలో మేనేజర్‌ని’ అని చెప్పి ఉన్నాడు. చెబుదామా వద్దా అని నలిగి నలిగి, బస్సు సగం దారిలో ఉండగా మెసేజ్ పెట్టాడు, ఆఫీసు పనిమీద కాల్గరీ వెళ్లాల్సి వచ్చిందని. పరవాలేదు నాయనా, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్తాను, అక్కడ చలెక్కువట, జాగ్రత్త అని ఇద్రీస్ జవాబిచ్చాడు.

ఆ జాగ్రత్త అన్న మాటే చక్రధర్‌ను పొద్దంతా పొడుస్తూ ఉంది. ఇద్రీస్ కూర్చున్న వరస తప్ప టెర్మినలంతా రెండుసార్లు తుడిచాడు.

కాఫీ కౌంటర్‌లో పనిచేసే దమయంతి ఊరుకోలేదు. ఆమెది తెనాలి.

“ఆ పెద్దాయన్ని చూశావా? మన హైదరాబాద్ వైపోడెవడో ఇంటికి రమ్మన్నాడంట. తీరా వస్తే కాల్గరీ చెక్కేశాడంట. సిగ్గులేని ఎదవ! ఈయనేమో, పెద్ద ఉద్యోగం కదా పాపం అని వాణ్ణే వెనకేసుకొస్తున్నాడు.”

“ఏం పని పడ్డదో అక్కా,” అన్నాడు చక్రధర్, నేల చూస్తూ.

“బాగుంది నీ వరస. ముందు అటు తుడువు, సూపర్‌వైజర్ చూస్తున్నాడు.”

ఇక తప్పలేదు. బండి తోసుకుంటూ వెళ్లి, తల వంచుకుని మాప్ వేశాడు. నేనే అని ఒక్క మాట అంటే చాలు. అనకుండా మాప్‌ను బెంచీ కిందికి తోశాడు. ఇద్రీస్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే రెండు కాళ్లూ పైకెత్తాడు. మాప్ వెళ్లిపోయాక కూడా దించలేదు. నేల ఆరేదాకా, ఆ వయసులో, మోకాళ్లు వణుకుతున్నా అలాగే ఉంచాడు. తుడిచిన తడి మీద అడుగు పెట్టనిది తుడిచే పని చేసినవాడే. చక్రధర్‌కు కళ్లు మసకలు కమ్మాయి. బండి అక్కడే వదిలేసి, చీపుర్లు పెట్టే గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మాంట్రియాల్ బస్సు పిలుపు వినిపించింది. తలుపు గడియ మీద చేయి వేసి కూడా తీయలేకపోయాడు. బయటికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది, బెంచీ ఖాళీగా ఉంది.

అతని బకెట్టు బండి మీద, శుభ్రమైన గుడ్డ పరిచి, ఒక స్టీలు గిన్నె పెట్టి ఉంది. సామాను బరువెక్కువైందని ఆ హాస్టల్ వంటింట్లో వదిలేసి వచ్చిన గిన్నె. తళతళలాడేలా తోమి ఉంది. ఊళ్లో బయల్దేరే ముందు అమ్మ కొట్టించిన చుక్కల అక్షరాల్లో ‘చి. చక్రధర్’ అన్న పేరు అతని వైపే తిరిగి ఉంది.