సెహరా కట్టింది మేమే

ఇన్వర్టర్ బ్యాటరీ భుజాన వేసుకుని నేను మాదన్నపేట సర్కారు బడిలో అడుగుపెట్టేసరికి పదో తరగతికి లెక్కల పాఠం నడుస్తోంది. రచన టీచర్ చేతిలో సుద్దముక్క ఉండగానే కాంట్రాక్టర్ ప్రణీత్ ఫోన్లో ఏదో ఆర్డర్ చూపించాడు.

"మేడం, రేపట్నుంచి మీరు రావొద్దు. ఇగ తెరనే చెప్తది."

పరీక్షలకు రెండు నెలలే ఉన్నాయి. ఆమె వాలంటీర్ టీచర్, అడిగే దిక్కు లేదు. నలభై మంది పిల్లల ముందు సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. అంతకన్నా సిగ్గేసింది. రికార్డు చేసిన పాఠాలు చూపించే ఆ డిజిటల్ తెరను బేగంబజార్ నుంచి మోసుకొచ్చిన హమాలీని నేనే. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టిందీ నేనే. బడి తల్లిదండ్రుల కమిటీ పెద్ద షౌకత్ బీ పెళ్లికొడుక్కి కట్టినట్టు దానికి పూల సెహరా కట్టింది.

సాయంత్రం షౌకత్ బీ వాకిట్లో గల్లీ అంతా చేరింది. గాజులకు రాళ్లతికే ఆడవాళ్లు, హమాలీలు. ఆమె కూతురు నుజహత్ పదో తరగతే. కమిటీ ఆనాడు వేలిముద్ర వేసిన కాగితం తెచ్చి పైకి చదివింది. తెర అందింది, కనుక వాలంటీర్ టీచర్ అవసరం లేదు అని ఉంది.

"గిదేంది అమ్మీ, నువ్వే నిషానీ వేసినవ్!"

"చదివి చెప్పుమని అడగకపోతి బేటీ. ఖుషీల వేసేసిన" అని షౌకత్ బీ తల పట్టుకుంది.

"పోయి తెర పలగ్గొడదాం" అన్నాను నేను.

"తెరతోని మనకేం దుష్మనీ మైసయ్య భాయ్? టీచరమ్మ చేతిల ఉంటె మస్తు పనికొస్తది. మన పిల్లల నోట్ల మట్టి కొట్టినోడు మనిషి. వాన్ని పట్టాలె" అంది షౌకత్ బీ.

ప్రణీత్‌కు ఇంకో వేలిముద్ర కావాలి. పాఠాలు బాగా అర్థమవుతున్నాయని మా కమిటీ రాసిస్తే, అది చూపించి పాలమూరు పల్లె బడుల్లోనూ తెరలు దించుతాడు, టీచర్లను పీకేస్తాడు. నా చిన్నబిడ్డ చదివే మా ఊరి బడీ ఆ జాబితాలో ఉంది.

సోమవారం తెర పాఠం చూడ్డానికి అధికారి వచ్చాడు, కెమెరాలు వచ్చాయి. గది నిండా మేమే. తెర మీద ఎవరో ఆమె గబగబా లెక్క చేసుకుపోతోంది. నుజహత్ లేచి నిలబడింది.

"మేడం, మూడో లైను సమజ్ గాలే. మల్ల చెప్పుండ్రి."

తెర నాలుగో లైనుకు పోయింది. ఐదో లైనుకు పోయింది.

"కూర్చో పాపా, అది రికార్డింగ్" అన్నాడు అధికారి.

"మరి నా బిడ్డకు జవాబెవలిస్తరు సాబ్?" అంది షౌకత్ బీ.

ప్రణీత్ కాగితం ముందుకు తోశాడు. "ముందు నిషానీ వెయ్యి. లొల్లి తర్వాత చెయ్యి."

"ఒక్కసారి మోసపోయిన. ఇగ వెయ్య."

అధికారి వెంట వచ్చిన పోలీసులు లొల్లి చేస్తోందని ఆమెను రెక్క పట్టి వ్యాన్ దాకా ఈడ్చారు. నుజహత్ ఏడుస్తూ వెంటపడింది.

"నువ్వెందుకొస్తున్నవ్? పో, క్లాసుల గూసో!" అని వ్యాన్లోంచి తల్లి అరిచింది. "టీచరమ్మను తోల్కరాండ్రి!"

ఆడవాళ్లు వెళ్లి రచన టీచర్‌ను తీసుకొచ్చారు. గేటు దగ్గర లాఠీలు అడ్డం పడ్డాయి. హమాలీలం లాఠీలకు వీపులిచ్చి దారి చేశాం. దెబ్బలు పడ్డాయి. ఆమె లోపలికి నడిచి, సుద్దముక్క అందుకుంది.

అప్పుడే ఊరి నుంచి నా భార్య కొమురమ్మ ఫోన్ చేసింది.

"ఈడ బడికాడికి తెర తెచ్చిన్రు. పట్నంల అందరు ఒప్పుకున్నరట గద? నిషానీ వెయ్యమంటున్రు."

"అబద్ధం! వెయ్యనన్నందుకే షౌకత్ బీని ఠాణకు పట్కపోయిన్రు. మనూరి బడి సారును తీసెయ్యబోమని వాళ్లు రాసిచ్చేదాంక ఒక్క ఏలు గూడ పడొద్దు."

"ఆగు, ఫోను మైకుకాడ పెడుతున్న. ఊరంత ఈడనే ఉన్నది. గట్టిగ చెప్పు."

గట్టిగానే చెప్పాను. నా వెనక గేటు దగ్గరున్న గల్లీ అంతా ఫోను వైపు తిరిగి అదే మాట చెప్పింది.