చలాకీ

కంప్యూటరు తెరకు ముక్కు తాకేంత దగ్గరగా వంగి ఆమె మరో పేరు చెరిపేసింది. ఆ చోట ఒక సంకేతం పడింది. పక్కన వాలుకుర్చీలో ఉన్న పెద్ద డాక్టరుగారు “ఎవరిది?” అన్నారు. ఆమె చెప్పింది.

“వాడా! సూది చూస్తే బల్ల కింద దూరేవాడు,” అని నవ్వబోయి దగ్గారు.

పొద్దున్నుంచీ ఇదే తంతు. కింద సైకిలు షాపులో ఎవరో చక్రం సరిచేస్తున్నారు. పైన డాక్టరుగారి ఇంటి ముందుగదిలో పేర్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

ఆమెది వైద్య పరిశోధనాలయంలో ఉద్యోగం. డాక్టర్లు ఏళ్ళ తరబడి పోగేసి, తమకు తోచిన గుర్తులు పెట్టుకుని, చివరికి తామే మరిచిపోయిన వివరాలను నలుగురికీ దొరికేలా, చదివితే అర్థమయ్యేలా సర్దాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరి బుర్రకూ ఎక్కలేదు. “ఆసుపత్రిలోనా? నర్సువా?” అని చుట్టాలు అడిగి అడిగి ఊరుకున్నారు. “లోకంలోవన్నీ వెతికిపెడుతుంది, నా కళ్ళజోడు మాత్రం దొరకదు,” అని భర్త ఎగతాళి చేస్తాడు. కూర్చుని కూర్చుని నడుము వంగింది. ఎక్కడో ఒక డాక్టరు తాను సర్దినది వెతికి అందుకున్నాడని తెలిసిన రోజున మాత్రం, బస్సులో తనలో తానే నవ్వుకుంటుంది.

ఈ పెద్ద డాక్టరుగారిని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కండరాలు క్షీణించే అరుదైన జబ్బున్న పిల్లలతోనే ఆయన జీవితమంతా గడిచింది. పిల్లల వివరాలు పంచుకోవడానికి వాళ్ళ పెద్దలు ఎప్పుడో సమ్మతించారు. ఈయనే, “నా రెక్కల కష్టం. ఎవడో వచ్చి అప్పనంగా పేరు కొట్టేస్తాడు,” అని గుమ్మంలోంచే పంపేసేవారు. ఆయాసంతో మంచం పట్టాక ఆయన భార్యే ఫోను చేసింది. “ఒకసారి రామ్మా. కాస్త మెత్తబడ్డారు.”

“పేర్లు తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా?” అన్నారాయన ఇప్పుడు.

“జబ్బు మిగులుతుంది డాక్టరుగారూ. ఇలాంటి పిల్లని ముందు పెట్టుకుని ఎక్కడో తల పట్టుకున్న డాక్టరుకి కావాల్సింది అదేగా.”



మధ్యాహ్నానికి ఒక్క నిలువు వరస మిగిలింది. దాని నెత్తిన ‘చ’ అని ఉంది. కింద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.

“ఇదేంటండీ?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “తీసెయ్. అది శాస్త్రం కాదు.”

“ముందు చెప్పండి, తర్వాత తీసేద్దాం.”

“చలాకీ,” అన్నారు నెమ్మదిగా. “గదిలోకి ఎంత హుషారుగా వచ్చారో చూసి వేసుకునేవాణ్ణి. కొలత లేదు, పాడూ లేదు. చూస్తే నవ్విపోతారు.”

ఆమె ఆ అంకెల వెంట వేలు పోనిచ్చింది. మందు మొదలెట్టాక కొందరివి పెరిగాయి. కొందరివి తగ్గుతూ తగ్గుతూ, ఆపైన ఖాళీ.

“ఉండనివ్వండి. ఎలా వేశారో ఉన్నదున్నట్టు రాద్దాం. పనికొస్తుందో లేదో చూసేవాళ్ళే తేల్చుకుంటారు.”

ఆయన పళ్ళెంలోంచి కమలాపండు అందుకుని, తొక్క గిల్లుతూ చెప్పడం మొదలుపెట్టారు. తనంతట తాను కుర్చీ ఎక్కితే ఐదు. అమ్మ చంక దిగకపోతే ఒకటి. ఆమె రాసి, చదివి వినిపించింది.

“సరే, పంపెయ్. దాచుకుని ఏం చేసుకుంటాను?”

ఆమె పరిశోధనాలయానికి పంపింది.

“వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిపోయిందండీ. రేపటికల్లా ఎవరు వెతికినా దొరుకుతుంది.”

“అయితే కాసేపు కళ్ళు మూసుకుంటా.”

వంటింట్లో ఆయన భార్య టీ ఇచ్చింది. “ఎన్నాళ్ళకు ఒకరితో కసురుకోకుండా మాట్లాడారమ్మా!” అంది సంబరంగా. ఆమె గ్లాసు కడిగిపెట్టి సంచీ కోసం ముందుగదిలోకి వచ్చింది. పొద్దున్నుంచీ ఆగని దగ్గు వినిపించలేదు. నిలబడి ఆయన ఊపిరి వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గింది. తర్వాత “అమ్మగారూ,” అని పిలిచింది, గట్టిగా కాదు.

పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన చెంప తాకి చూసి, ఊడిన చొక్కా గుండీ పెట్టింది. ఇద్దరిలో ఎవరూ వెంటనే ఏడవలేదు.

కుర్చీ పక్కన పళ్ళెంలో సగం ఒలిచిన కమలాపండు ఉంది. తొక్క ఇంకా పండుని వదలకుండా వేలాడుతోంది.