ఎర్ర తీగ

ఓడల కంపెనీ ఆఫీసులో పదహారేళ్లుగా కంప్యూటర్ల కాపలా ఆయనదే. నిరుడు ఆయన నెత్తిమీద అధికారిగా వచ్చి కూర్చున్నాడు సొంత తోడల్లుడు. వయసులో చిన్న, వరసలో చిన్న, కుర్చీలో మాత్రం పెద్ద. ఆ రోజు నుంచి ఆయన కడుపుమంట ఆరలేదు. "మా చెల్లెలి మొగుడికి ఎంత పేరొచ్చిందో!" అని భార్య మురిసినప్పుడల్లా ఆ మంటలో ఆజ్యం పోసినట్టే.

ఆ ఉదయం పదకొండింటికి ఒక మెయిల్ వచ్చింది. 'ఈ ఏటి ఉత్తమ అధికారి ఎంపిక. జాబితా జతపరిచాం.' ఊరూ పేరూ లేని మెయిళ్లు తెరవొద్దని ఆఫీసంతటికీ పాఠం చెప్పింది ఆయనే. కానీ అందులో తోడల్లుడి పేరుందేమోనన్న ఉక్రోషం చేతిని ఆగనిస్తేనా? నొక్కేశాడు. జాబితా లేదు, గీబితా లేదు. తెర ఒక్కసారి రెపరెపలాడి మామూలైంది. కంప్యూటర్లలోకి చొరబడే దొంగలకు తానే తలుపు తీశానని ఆయనకు అర్థమైపోయింది.

రేవులో ఓడకు పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఏ పెట్టె ఎంత బరువు, ఎక్కడ పెట్టాలి అన్నది ఈ కంప్యూటర్ల నుంచే వెళ్తుంది. దొంగలు ఆ అంకెలు మార్చారంటే ఓడ ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందులో పాతికమంది ఉన్నారు. గోడకున్న ఎర్ర తీగ పీకితే ఓడతో లంకె తెగిపోతుంది. కాకపోతే పీకినవాళ్లు కారణం పక్కనున్న పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ రూలు పెట్టింది తోడల్లుడే.

వాడి ముందు తల దించుకోవడమా? గోడ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. పాతికమంది గుర్తొచ్చి మళ్లీ వెళ్లాడు. పీకేశాడు. రేవుకు ఫోన్ చేసి పని ఆపించాడు. 'దొంగ మెయిల్ నేనే తెరిచాను' అని రాసి, సంతకం పెట్టి, పుస్తకం పట్టుకుని తోడల్లుడి గదిలోకి నడిచాడు.

"తప్పు చేశాను. ఆ ఉత్తమ అధికారి మెయిల్ తెరిచాను. తీగ పీకేశాను."

"పీకేశారా అన్నయ్యా? బతికించారు!" తోడల్లుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాకది తొమ్మిదింటికే వచ్చింది, తెరిచాను. మీ పేరుందేమోనని. ఈ ఆఫీసులో ఎవర్ని కదిపినా మీ మాటే కదా! పుస్తకంలో ఏమని రాయాలో తెలీక అప్పట్నుంచీ ఇలాగే కూర్చున్నా."

అంతలో రేవు నుంచి ఫోన్. నాలుగు పెట్టెల బరువులు మారిపోయాయట, ఇంకా ఎక్కించలేదట. ఆయనకు తోడల్లుడి మీద మొదటిసారి జాలేసింది. మరుక్షణమే పాత మంట రగిలింది. తప్పులో కూడా వీడే ముందు!

పుస్తకం తెరిచి వాడి ముందుకు తోశాడు.

"రాయి. నా సంతకం కింద."