తూటా వెనకాల చప్పుడు

మా అబ్బాయి దీపక్ సరిహద్దులో పోయిన పదకొండో రోజున రాజోలులో మా ఇంటి ముందు ఆదరణ కూడిక పెట్టాం. వాడి పక్కనే కాపలా కాసిన గోపీకృష్ణ, కొత్తపేట కుర్రాడు, ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాడు. "అవతలోడి రైఫిల్‌కి సైలెన్సర్ ఉందండి. చప్పుడే లేదండి. మావోడికి ఏమీ తెలీకుండానే అయిపోయిందండి" అన్నాడు.

ఆ మాటతో నా భార్య సత్తెమ్మ ముఖం కాస్త తేటపడింది. చిన్నప్పుడు ఉరిమితే చాలు, దీపక్ పరుగున వచ్చి ఆమె కొంగులో దూరేవాడు. పోయే ముందు వాడు భయపడ్డాడేమోనన్నదే ఆమెను రాత్రీపగలూ తినేస్తోంది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. సైన్యంలో ఇరవై రెండేళ్లు తుపాకులు బాగుచేసిన చేతులివి. సైలెన్సర్ బిగిస్తే చప్పుడే ఉండదన్నది సినిమా మాట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అయినా సత్తెమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

భోజనాల దగ్గర కుర్రాడే నోరు జారాడు. ఎవరో గుచ్చి గుచ్చి అడిగితే, "కొరడా ఝళిపించినట్టు ఠప్పుమందండి. అందరం ఉలిక్కిపడ్డామండి" అనేశాడు. వెనకాలే పెరుగు గిన్నెతో సత్తెమ్మ ఉంది. గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"ప్రార్థనలో నిలబడి అబద్ధం చెప్పేడండి ఆ అబ్బాయి. అందరూ విన్నారంట. మరి నా బిడ్డ వినలేదా?" అంది నాలుగో రోజు పొద్దున్న.

అప్పటికి గాని నా బుర్ర పనిచేయలేదు. అబద్ధం మీద కోపంతో, నాకు తెలిసిన నిజాన్నే మరిచిపోయాను. వెంటనే గోపీకృష్ణకు ఫోన్ చేశాను.

"ఠప్పుమన్నది ముందా, దీపక్ ఒరిగిపోవడం ముందా? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఒరగడమే ముందండి బాబాయిగారూ. నా కళ్లముందేనండి. చప్పుడు తర్వాతండి."

"గట్టిగా చెప్పగలవా?"

"ఆయ్, చెప్పగలనండి."

సత్తెమ్మ చెయ్యి పట్టుకుని గోదారి గట్టు మీదకు తీసుకెళ్లాను. ఎదురుగా లంకలో కొబ్బరి దింపు తీస్తున్నారు. చెట్టు మీది మనిషి గెల నరికాడు. గెల నేల మీద పడి కాయలు చెదిరాయి. ధబ్బుమన్న చప్పుడు ఆ తర్వాత మా దాకా వచ్చింది.

"చూశావా? కాయలు పడిపోయేయి. చప్పుడు ఎనకాల వచ్చింది."

ఆమె నావైపు తిరిగింది.

"సైలెన్సర్ తుపాకీ నోరే నొక్కుతాది, సత్తెమ్మా. తూటా నోరు నొక్కలేదు. నెమ్మదిగా పోయే తూటా వేస్తే చప్పుడు బాగా తగ్గుతాది. కానీ ఆ కాస్త చప్పుడూ తూటా కన్నా ముందే మనిషిని చేరతాది. వేగంగా పోయేదైతే గాలిని చీల్చుకుంటా ఠప్పుమంటాది. ఆ చప్పుడెప్పుడూ తూటా ఎనకాలే వస్తాది. మనోడికి తగిలింది అదే."

"అంటే?"

"అందరూ విన్నారు. వాడొక్కడే వినలేదు."

ఆమె అవతల ఇంకో గెల పడేదాకా అక్కడే నిలబడింది. అది పడటం చూసింది, ఆ తర్వాత చప్పుడు వింది. మూడో గెల కూడా చూశాక, "అయితే ఉలిక్కిపడలేదన్నమాట" అంది.

"లేదు."

ఇంటికి వచ్చాక గోపీకృష్ణకు తనే ఫోన్ చేసింది. "నువ్వు అబద్ధం చెప్పలేదు నాయనా. వాడికి వినపడలేదంట. మా ఆయన చెప్పేరు" అంది. తర్వాత చద్దన్నంలో మజ్జిగ పోసుకుని పీట మీద కూర్చుంది. ఆమె రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. వాడు పోయి అప్పటికి పధ్నాలుగు రోజులైంది.