కొట్టు కప్పు మీది గుమ్మడికాయ

పెరటి సామాన్ల కొట్టు కప్పు మీద చుట్టకుదురు ఉంది. దాని మీద ఉండాల్సిన గుమ్మడికాయ లేదు.

మల్‌సున్ నిచ్చెన మీదే నిలబడి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఎండుగడ్డితో తనే అల్లిన కుదురు. నిన్న సాయంత్రం దాకా పీటేసుకుని కూర్చున్న పెద్దమనిషిలా కాయ దాని మీదే ఉంది. ఇప్పుడు చుట్టూ మంచుకి మాడిన ఆకులు, తీగకి కొడవలి కోత. ఒక్క వేటుకి తెగింది.

వేసవంతా మల్‌సున్ ఆ తీగ లేతకాయల్ని పులుసులోకి కోసింది. ఆకులు ఆవిరిమీద ఉడికించి అందులో అన్నం ముద్ద చుట్టి ఊరందరికీ పెట్టింది. ఈ ఒక్క కాయ జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. అది పిడికెడు పిందెగా ఉన్నప్పుడే కడుపుతో ఉన్న కోడలు ఇన్‌సుక్ చూసి, "అత్తమ్మా, ఇది నాకోసం ఉంచండి" అంది. బాలింత ఒంటి వాపు తియ్యడానికి ముదురు గుమ్మడిని మించింది లేదు. నాజు పట్నం ఆసుపత్రి నుంచి ఇన్‌సుక్ పసిగుడ్డుతో ఈ సాయంత్రం బస్సుకి దిగుతోంది. కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదట.

మల్‌సున్ నిచ్చెన దిగి ఇంట్లోకి పరుగెత్తింది.

వంటింటి పొయ్యి సెగ నేల కిందుగా పాకి ముందు తగిలేది గదిలో పొయ్యివైపు మూలకే. అక్కడ, మందపాటి బొంత నిండా కప్పుకుని, గుండ్రంగా ముడుచుకుని ఉన్నాడు మొగుడు పాన్‌సు. రాత్రి అతని గురక గురించి ఓ మాటంది. పక్కగదిలో పడుకుంది. ఆ అలకన్నమాట.

"ఏవయ్యా! కాయ పోయింది!"

బొంత కదల్లేదు.

"ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారైనా పిలవగానే పలికావా? కొంపలంటుకున్నా నువ్వు పక్క దిగవు. జలుబు చేసిందా? అదైనా నోటితో చెప్పి చావు!"

పలుకూ లేదు, ఉలుకూ లేదు. తిట్టిందే గానీ జాలేసింది. వంటింట్లోకెళ్లి పొయ్యిలో మరో రెండు దుంగలు దూర్చింది. ఆ పైన పక్కింటి గోడ మీదికి దండెత్తింది.

గోడవతల ఒక్‌బున్ రోట్లో ఏదో దంచుతోంది. నిరుడు దాని కాయకన్నా తన కాయ పెద్దదయిందని దానికి కడుపుమంట. ఇంకెవరు కోస్తారు?

"ఒసే ఒక్‌బున్! మా కొట్టు మీద గుమ్మడికాయ పోయిందే!"

ఒక్‌బున్ రోకలి ఆపి భుజం దులుపుకుంది.

చాలదూ! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. పైగా భుజం మీద తెల్లటి బూడిద. ముదురు కాయ మోసినవాళ్లకి తప్ప ఇంకెవరికంటుకుంటుంది?

"ఆ తెలుపేంటి?"

"బియ్యప్పిండి! కళ్లకి పొర కమ్మిందా? నీ కోడలి గుమ్మడి జావలోకి ఉండలు చెయ్యాలని తెల్లారినప్పట్నుంచీ దంచుతున్నా. నన్ను దొంగంటావా, గుమ్మడి మొహందానా! పో, ఈ పిండి మా కోళ్లకేస్తా!"

అయినా తగ్గడం మల్‌సున్ రక్తంలో లేదు. "ఉండు, మా ఆయన్ని లేపుకొస్తా. ఆయన ముందు చెప్పు!" అంటూ వెనక్కొచ్చి బొంత పట్టి ఒక్క లాగు లాగింది.

గుమ్మడికాయ.

బంగారు రంగులో, పాన్‌సు మంచి తువ్వాలు నడుముకి చుట్టుకుని, దర్జాగా వెచ్చటి మూల పడుకుని ఉంది. తను ఇంతసేపూ తిట్టింది దాన్నే.

వెనకే గోడ దిగి వచ్చిన ఒక్‌బున్ అది చూసి గుమ్మం పట్టుకుని నవ్వింది. "పాపం, మీ ఆయన నిద్రలో ఎంత పచ్చబడ్డాడో!"

సరిగ్గా అప్పుడే పాన్‌సు లోపలికొచ్చాడు. చేతిలో బాలింత చారుకని సముద్రపు నాచు కట్ట. "మొదటి బస్సుకెళ్లి తెచ్చా. అదేంటి, దాన్ని లేపేశావా? రాత్రి మంచు పడేలా ఉంటే దించి పడుకోబెట్టా. ఒక్క చలిగాలి తగలకూడదని వేసవి పోయినప్పట్నుంచీ నువ్వే కదా నా చెవిలో పోరావు!"

"చలి తగలకూడదంటే కాల్చమన్నానా!"

మల్‌సున్ కాయని తిరగేసింది. అడుగు మెత్తబడి వేలు దిగింది. తను వేసిన దుంగలు కూడా పని చేశాయి. కాయకి మూత కోసి, లోపల తేనె పోసి, నిండుగా ఉడికించి కోడలికి పెట్టాలన్నది ఆమె లెక్క. ఈ అడుగుకి తేనె నిలవదు. బస్సు రావడానికి పూటే ఉంది.

"ఏడవకు" అంది ఒక్‌బున్, రవిక చేతులు పైకి మడుస్తూ. "వాసన చూడు. కుళ్లలేదు, సగం ఉడికింది. చెంచాతో గీకితే వచ్చేస్తుంది. గట్టి సగం ముక్కలు కొయ్యి, చారెడు ఎర్రబీన్సు వెయ్యి. ఏవయ్యా పాన్‌సు, పొయ్యి ఆరకుండా చూడు. అది నీకు బాగా చేతనవును!"

ఇద్దరూ పెద్ద బాన ముందు కూర్చున్నారు. ఒకరు కలపడం, ఒకరు ఉండలు చేసి వదలడం. కుతకుతమంటూ జావ పచ్చగా ఎగిరి మల్‌సున్ ముక్కు మీద పడింది. ఒక్‌బున్ తుడవలేదు, నవ్వింది.

బస్సు హారన్ వినగానే ఒక్‌బున్ గోడ దూకి పారిపోయింది. పాన్‌సు గుమ్మానికి బొగ్గులు గుచ్చిన గడ్డితాడు కట్టాడు. పసిగుడ్డున్న ఇల్లని గుర్తు, ఇక మూడు వారాలు పరాయివాళ్లు లోపలికి రాకూడదు.

ఇన్‌సుక్ ఉబ్బిన మొహంతో వెచ్చటి మూల కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

"అత్తమ్మా, ఇంత తియ్యగా ఎలా వచ్చింది?"

"రాత్రంతా మీ మామయ్య పక్కలో పడుకుందిలే."

మూడో గిన్నె అడిగింది ఇన్‌సుక్. మల్‌సున్ నాలుగోది నింపి, ఉండలు కాస్త ఎక్కువ వేసి, గోడ మీదికి అందించింది.

"దొంగా, ఇదిగో నీ వాటా."

"వచ్చే ఏడు నాటడానికి గింజలేవి?" అంది ఒక్‌బున్.

మల్‌సున్ నడుముకి దోపుకున్న గింజల మూట తీసి ఇచ్చింది. ఒక్‌బున్ దాన్ని భుజాన వేసుకుని, మల్‌సున్ చూస్తుండగానే రెండో భుజం తీరిగ్గా దులుపుకుంది.