డెబ్బై లీటర్లు

డెబ్బై లీటర్లేమిటి? ఇద్దరు మనుషులు, పది రోజుల ఎడారి ప్రయాణం, తలకి రోజుకి ఐదు లీటర్లు. చిన్నపిల్లనడిగినా వంద అంటుంది. భర్త రాసిన సామాన్ల జాబితాలో మాత్రం నీళ్లకెదురుగా డెబ్బై అని గుండ్రంగా ఉంది.

పొరపాటా? అబ్బే! ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. సెకను తేడా వస్తే అన్నం సహించదు. అలాంటాయన ముప్ఫై లీటర్లు మింగేస్తాడా?

ఆవిడ డ్రైవింగ్ టీచరు. ఇరవై ఏళ్లుగా అవే నాలుగు వీధుల్లో "క్లచ్, క్లచ్!" అని గొంతు చించుకుంటూ, ఎదురుగా పురుగైనా లేని దారిలో బండి నడపాలని కలలు కన్నది. పాత జీపు కొన్నదీ అందుకే. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కూడీ తీసీ చివరికి లెక్క పట్టేసింది: నాలుగు రోజులు ఇద్దరికి, ఆరు రోజులు ఒక్కరికి. మ్యాపులో చూస్తే నాలుగో రోజు మజిలీ బస్సొచ్చే ఊరు.

ఓహో! అక్కడ నన్ను బస్సెక్కించి, తానొక్కడే ఊరేగుతాడన్నమాట! ఆ స్టీరింగు పట్టుకోవడం నేర్పిందెవరో! ఆవిడ ఒళ్లు మండిపోయింది.

రెండు రోజులు కనిపెట్టి చూసింది. ఆయన బాల్కనీలో నిలబడి ఫోనులో బస్సు వేళలు అడుగుతున్నాడు. ఆవిడ వస్తే చటుక్కున పెట్టేస్తున్నాడు. మూడో రోజు పొద్దున్నే తిన్నగా ఆయన షాపుకే వెళ్లింది.

"నాలుగో రోజు బస్సెక్కేదెవరండీ?"

ఆయన కంటికున్న భూతద్దం జారి బల్ల మీద పడింది. "తెలిసిపోయిందా?"

"మహా దాచారు లెండి! నేనేనా?"

"కాదు. నేను."

ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ ఇసక తలుచుకుంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. రానంటే నువ్వూ మానేస్తావు. సగం దాకా వచ్చి, కడుపునొప్పని దిగిపోదామనుకున్నాను. అంతదూరం వెళ్లాక నువ్వాగవుగా."

కోప్పడదామనుకుంది. కోపం రాలేదు. ఆరు రోజులు, ఆ దారిలో, తనొక్కతే! లోపల సంతోషం పొంగుకొచ్చింది. కట్టుకున్నవాడు భయపడుతుంటే ఇదేం సంతోషమని సిగ్గూ వేసింది. ముఖం తిప్పుకునేలోపే ఆయన చూడనే చూశాడు.

"పోనీ, చివరిదాకా వచ్చేయనా?" అన్నాడు మెల్లగా.

రండి అనాలి. పాతికేళ్లు కాపురం చేసినదానికి ఆ ఒక్క మాట ఎంతసేపు?

"బస్సు ఎన్నింటికండీ?" అంది ఆవిడ.